స్థలం వాళ్ళది, గోడలు మావి

కాటన్‌పేటలోని మా తాళ్ళ అంగడి వెనకగది కప్పు ఆ ఏటి వానలకు కూలిపోయింది. పట్టపగలు, మూడు గంటలప్పుడు. అందరం ముందుగదిలో ఉన్నాం. నానిపోయిన వాసాలు మొదట కిర్రుమన్నాయి, తర్వాత మంగళూరు పెంకులు వరసగా జారి కొబ్బరితాళ్ళ చుట్టల మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా నాయన చేతికర్ర ఆనించుకుంటూ నెమ్మదిగా లోపలికి వెళ్ళాడు. పైన కొత్తగా కనిపిస్తున్న ఆకాశాన్ని కాసేపు చూశాడు.

"ఆయమ్మకు చెప్పల్ల" అన్నాడు.

నాకు కప్పు కూలినందుకు కాదు గానీ, ఆ మాటకు ఒళ్ళు మండింది.

ఆయమ్మ అంటే మా స్థలం యజమానురాలు. చామరాజపేటలో ఉంటుంది. మా తాత పాతికేళ్ళ వయసులో మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి, ఆమె మామగారి దగ్గర ఆ ఖాళీ స్థలాన్ని తొంభై తొమ్మిదేళ్ళకు లీజుకు తీసుకున్నాడు. దాని మీద తన ఖర్చుతో అంగడి కట్టుకున్నాడు. స్థలం వాళ్ళది, గోడలు మావి. నాకు మాటలు తెలిసినప్పటి నుంచీ వింటున్న సంగతి ఇది. చిన్నప్పుడొకసారి, మరి గడప ఎవరిదని అడిగాను. నాయన చాలాసేపు ఆలోచించి, చెక్క మనది, దాని కింద గుంత వాళ్ళది అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

ఆ లీజు పత్రం కన్నడ చేతిరాతలో, పాత స్టాంపు కాగితాల మీద ఉంది. నాయన దాన్ని గల్లా కింద రేకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. అందులో మాకు సంబంధించిన ముఖ్యమైన షరతులు మూడు. స్థలం ఇచ్చినవాళ్ళ రాతపూర్వకమైన అనుమతి లేకుండా కట్టడంలో ఏ మార్పూ చేయకూడదు. ఇద్దరికీ ఇష్టమైతే గడువు పొడిగించుకోవచ్చు. పొడిగించుకోకపోతే, గడువు తీరేలోగా కట్టడాన్ని విప్పి తీసుకుపోవాలి, లేదా ఉన్నదున్నట్టు అప్పగించి పోవాలి. అంటే ఆఖరి రోజు దాకా మావైన గోడలు మర్నాటి నుంచి వాళ్ళవి. కప్పు కూలేనాటికి ఇంకా మూడేళ్ళ గడువు మిగిలి ఉంది.

నేను బసవనగుడిలో ఒక బళ్ళో ఇరవై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. మా నాయనకు మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక, ఒక్కతే సంతానాన్ని కాబట్టి, ఉద్యోగం మానేసి అంగట్లో కూర్చున్నాను. అప్పటికే ఎనభై దాటిన మనిషి. రోజూ వస్తాడు, స్టూలు మీద కూర్చుంటాడు, నైలాన్ తాడు కొనేవాళ్ళని చిన్నచూపు చూస్తాడు. అంగడి పని నాకు త్వరగానే వచ్చింది. ఈ లీజు వ్యవహారమే మింగుడుపడలేదు. లెక్కల్లో ఒక వస్తువు ఒక సమితిలో ఉంటుంది, లేదా ఉండదు. ఇక్కడ అంగడి మాదీ, మాది కాదూ.

మొదట వార్డు ఆఫీసుకు వెళ్ళాను. కప్పు వేసుకోవడానికి పర్మిషన్ కావాలంటే ఖాతా కాగితం, అంటే స్థలం ఎవరి పేరున ఉందో చెప్పే కార్పొరేషన్ పత్రం, తెమ్మన్నారు. ఖాతా ఆయమ్మ భర్త పేరున ఉంది. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. అయితే ముందు ఖాతా మార్పించుకుని, దాన్ని ఈ-ఖాతా చేయించుకుని, అప్పుడు రండి అన్నాడు అక్కడి మనిషి. మార్పించుకోవాల్సింది మేము కాదు, స్థలం వాళ్ళు అన్నాను. అయితే వాళ్ళని రమ్మనండి అన్నాడు. గోడలు మావి కదా, మా గోడల మీద మేం కప్పు వేసుకోవడానికి కూడానా అని అడిగాను. అతను నావైపు జాలిగా చూసి, "గోడలు గాల్లో నిలబడి ఉన్నాయా మేడమ్?" అన్నాడు.

కాగితాలు సంచీలో పెట్టుకుని బయటపడ్డాను.

అట్లా ఆయమ్మ ఇంటికి తిరగడం మొదలైంది. నేను లెక్కపెట్టుకున్నాను, అది అలవాటు. మొదటి విడత పదకొండుసార్లు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆషాఢం. ఇత్తడి లోటాలో కాఫీ ఇచ్చి, ఆషాఢంలో తను దేని మీదా చేవ్రాలు పెట్టనంది. శ్రావణంలో వెళితే వ్రతాలు, ఇంటి నిండా బంధువులు. తర్వాత పితృపక్షాలు. తర్వాత కంటి ఆపరేషన్. ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలు రాలేదు. అద్దాలు వచ్చిన వారం కప్పుకు అనుమతీ, ఖాతా మార్పూ, లీజు పొడిగింపూ కోరుతూ నేను ఇచ్చిపోయిన అర్జీ కనబడలేదు. పంచాంగం కింద పెట్టానంది. పంచాంగం కింద లేదు. ఇంకో అర్జీ టైపు చేయించి తీసుకువెళ్ళాను. "పెట్టిపోమ్మా, చూస్తా" అంది. నా ఎదురుగానే దాన్ని మడిచి మళ్ళీ పంచాంగం కిందే పెట్టింది.

ఆమెకు ఎనభై దగ్గరగా ఉంటాయి. సన్నటి మనిషి. నిటారుగా కూర్చుంటుంది. పిల్లలు లేరు. పనిమనిషి పొద్దున వచ్చి పోతే, మిగతా రోజంతా ఆ ఇంట్లో ఒక్కతే. మర్యాదలో ఎప్పుడూ లోటు లేదు. అదే నాకు ఎక్కువ చిరాకు. పొమ్మంటే పోట్లాడవచ్చు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నాయన మోకాళ్ళ గురించి వివరంగా అడిగి, కాగితం మాట ఎత్తగానే కిటికీలోంచి బయటికి చూసే మనిషితో ఏం చేస్తాం?

ఇక్కడ అంగట్లో వెనకగదికి నీలం టార్పాలిన్ కట్టించాను. వాన పడ్డప్పుడల్లా దాని నడుమ నీళ్ళు నిలిచి, కడుపులా కిందికి దిగేది. చీపురుకర్రతో పైకి పొడిస్తే నీళ్ళన్నీ ఒక్కసారిగా పక్క అంగడి గోడ మీదికి పోయేవి. పక్కంగడి ఆయన రోజూ వచ్చి దణ్ణం పెట్టి మరీ గొడవపడేవాడు. తడిసిన కొబ్బరితాడు వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చీరకు, జుట్టుకు, టిఫిన్ డబ్బాకు కూడా పట్టేస్తుంది.

నాయనకు మాత్రం ఇదంతా పాత కథ. ఆయమ్మ భర్త పోయినప్పటి నుంచీ ఏటా ఉగాదికి ముందు నేల బాడుగ ఇవ్వడానికి వెళ్ళి, లీజు పొడిగించమని అడగడం, ఆమె ఆ మాట దాటవేయడం, తిరిగి రావడం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే.

"మొండిది" అనేవాడు. "మొగుడుండగా నోట్లో నాలిక లేకుండా ఉన్నింది. ఇప్పుడు స్థలం చేతికొచ్చేతలికి పొగరు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావు నాయనా?"

"ఓనరమ్మ కదా" అన్నాడు, అంతకంటే కారణం అక్కర్లేదన్నట్టు.

నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద ఎంత విసుగో నాయన మీదా అంతే విసుగు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా లాయరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఆమెకు కోపం వస్తుందని. కోపం వస్తే పొడిగించదని. పొడిగించని మనిషికి కోపం రాకుండా చూసుకుంటూ మిగిలిన గడువులో ముప్పావుకు పైగా కరిగించేసిన కుటుంబం మాది.

పదకొండోసారి తిరిగి వచ్చిన మర్నాడు నేనే లాయరు దగ్గరికి వెళ్ళాను. బళ్ళో నా దగ్గర చదువుకున్న అమ్మాయి. సిటీ సివిల్ కోర్టుకు దగ్గర్లో, ఒక జెరాక్సు అంగడి మేడ మీద ఆమె ఆఫీసు. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో రెండుసార్లు తప్పింది. లీజు పత్రం మొత్తం, ఒక్క అక్షరం వదలకుండా చదివి, అద్దాలు తీసి అడిగింది.

"మిస్, ఆమెకు ఈ స్థలం ఎట్లా వచ్చింది?"

భర్త పోయాడు, పిల్లల్లేరు, ఆమెకు రాక ఎవరికొస్తుందన్నాను.

"అది మీరు అనుకుంటా ఉండారు. కాగితం చూసినారా?"

చూడలేదు. పద్దెనిమిదేళ్ళలో ఎవరం చూడలేదు. నాకు నేనే ఎనిమిదో తరగతిలో నిలబడ్డట్టు అనిపించింది.

రెండు వారాలకు ఆ అమ్మాయే ఫోను చేసి రమ్మంది. ఆయమ్మ భర్త వీలునామా రిజిస్టరు చేయించి పోయాడట. రాసినాయన పోయాడు కాబట్టి నకలు అడిగితే ఇచ్చారు. నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక పేరా చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఉంచింది. అది చదివి వినిపించింది. భార్య బతికి ఉన్నంతవరకు ఆ స్థలాన్ని అనుభవించవచ్చు, దాని మీద వచ్చే బాడుగ తీసుకోవచ్చు. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, తన తర్వాత కూడా నిలిచి ఉండే లీజు ఎవరికీ రాసి ఇవ్వకూడదు. ఆమె అనంతరం స్థలం ఆయన తమ్ముడి కొడుక్కి చెందాలి.

"ఆమెకు ఉండేది జీవితకాలపు హక్కు మాత్రమే మిస్" అంది. "మీ నాయన అడిగేది ఇచ్చే అధికారం ఆమెకు లేనే లేదు. పద్దెనిమిదేళ్ళుగా లేదు. ఖాతా మార్పించల్లన్నా ఈ కాగితం బయటికి తీయాల్సిందే."

కోపంతో మెట్లు రెండేసి దిగాను. ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరిని అడగాలో వాళ్ళని అడిగేవాళ్ళం. నాయన మోకాళ్ళు బాగున్న రోజుల్లోనే ఇది తేలిపోయేది. పద్దెనిమిది ఉగాదులు ఆ ముసలాయన పంచె ఇస్త్రీ చేయించుకుని ఎవరి ఇంటికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు?

అంగడికొచ్చి నాయనకు చెప్పాను. మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. చేతిలో పురికొస చివర విప్పాడు, మళ్ళీ పురిపెట్టాడు.

"అంటే" అన్నాడు చివరికి, "ఆయమ్మ కూడా మన మాదిరే లీజులో ఉండాది."

పన్నెండోసారి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. కాఫీ వద్దన్నాను. నకలు తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాను. ఆమె అద్దాలు పెట్టుకోలేదు. కాగితాన్ని చూడగానే అదేమిటో తెలిసిపోయింది.

"ఎవురిచ్చినారు ఇది?"

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరడిగినా ఇస్తారని చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది. ఎవరడిగినా ఇస్తారన్నది ఆమెకు అన్నిటికంటే గట్టిగా తగిలింది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు కొంచెం పెంచే అడిగాను. మా నాయన వయసు చెప్పాను, కప్పు సంగతి చెప్పాను, పదకొండుసార్ల సంగతి చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. కిటికీ వైపు చూడలేదు ఈసారి.

"ఆయన పోయిన పదకొండో దినం. ఇంటి నిండా జనం" అంది. "మా మరిది నడింట్లో నిలబడి ఇది చదివినాడు. వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకొని ఇన్నారు. నలభై ఐదేండ్లు కాపరం చేసినా ఆయనతో. ఒక్క దినం గూడా నాకు చెప్పలే, ఇట్లా రాసినానని. నేను ఎవురికన్నా రాసిచ్చేస్తానని భయమంట ఆయనకు. ఎవురికి రాసిస్తా? నాకు ఎవురుండారని?"

నేను బల్ల మీది నకలు తిప్పి బోర్లా పెట్టాను.

"మీ నాయన ఏటేటా వచ్చి, ఓనరమ్మా అంటాడు. బజార్లో ఎదురుపడితే చెప్పులు విడిచి పలకరిస్తాడు. ఈ ఊర్లో నన్ను అట్లా పిలిచేది ఆయనొక్కడే. నేను కాదప్పా, నాకేం లేదప్పా అని నా నోటితో నేనే చెప్పల్లనా?"

జాలి కలిగింది. కోపం పోలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని ఆ రోజు తెలిసింది, అదేమంత హాయిగా లేదు. మీ మర్యాద కోసం మా వెనకగది ఇన్నాళ్ళు నానాల్సి వచ్చింది అవ్వా అన్నాను. ఆమె తల ఊపింది. అవునని ఒప్పుకున్నట్టే ఊపింది. తర్వాత లేచి వెళ్ళి, నేను వద్దన్నా కాఫీ కలుపుకొచ్చింది.

ఇక తమ్ముడి కొడుకు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆరో అంతస్తులో ఉంటాడు. కాటన్‌పేట నుంచి అక్కడికి పోయిరావడమంటే ఒక పూట వదులుకోవాల్సిందే. సిల్క్ బోర్డు దగ్గర ఆటోలో కూర్చుని, బళ్ళో ఉద్యోగం మానకపోయి ఉంటే ఇప్పటికి ఎంత పెన్షను వచ్చేదో అనే పనికిమాలిన ఆలోచనలన్నీ చేశాను. నలభై ఏళ్ళ లోపు మనిషి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి, మర్యాదగా కూర్చోబెట్టాడు. విలన్‌లా ఉంటాడని సిద్ధపడి వెళ్ళాను, అది కూడా దక్కలేదు.

"యాక్చువల్‌గా మేడమ్, నాకు అక్కడ ఏదో ప్రాపర్టీ ఉందని తెలుసు. బట్ ఎక్కడో ఎగ్జాక్ట్‌గా తెలీదు" అన్నాడు. ఫోన్‌లో మ్యాపు తీసి మా అంగడి ఎక్కడో చూపించమన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. "ఓ, ఇంత చిన్నదా" అన్నాడు. తొంభై ఆరేళ్ళ మా బతుకు అతని స్క్రీను మీద చింతగింజంత ఉంది.

సంతకం పెడతావా అని అడిగితే, పెద్దమ్మ ఉన్నంతవరకు తనకు హక్కు రాదు కాబట్టి తనొక్కడే పెడితే చెల్లదని అతనూ ఎవరినో కనుక్కుని ఉన్నాడు. మా లాయరమ్మాయిదీ అదే మాట. ఆమెకు ఇప్పటి హక్కు ఉంది, తర్వాతి హక్కు లేదు. అతనికి తర్వాతి హక్కు ఉంది, ఇప్పటిది లేదు. ఇద్దరూ కలిసి ఒకే పత్రం మీద పెడితేనే మాకు లీజు. అంతే కదా, అదెంత పని అనుకున్నాను.

వాళ్ళిద్దరికీ పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవు.

వీలునామా చదివిననాటికి అతను కాలేజీలో ఉన్నాడట. ఆ ఏడాది దీపావళికి తండ్రి పంపితే స్వీట్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు తీయలేదు. ఇక ఎప్పుడూ వెళ్ళలేదు. తండ్రి కూడా పోయాడు. అప్పుడు కూడా ఆమె రాలేదు. ఇప్పుడు ఆయమ్మ ఏమంటుందంటే, వాడొచ్చి అడిగితే పెడతానంటుంది. అతనేమంటాడంటే, పెద్దమ్మ ఒక ఫోన్ చేస్తే వస్తానంటాడు. ఆమె ఫోన్ చేయదు. పిలవకుండా అతను పోడు. రెండు నెలలు నేను చామరాజపేటకూ హెచ్‌ఎస్‌ఆర్‌కూ మధ్య తిరిగాను. అతను ఏమన్నాడని ఆమె అడుగుతుంది. ఆమె ఎలా ఉందని అతను అడుగుతాడు. సన్నబడిందా అంటాడు. వాడికి జుట్టు ఉండాదా, ఊడిందా అంటుంది. అంత తెలుసుకోవాలని ఉంటే పోయి చూసుకోవచ్చు కదా అని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నొచ్చుకున్నారు.

ఈలోగా గడువు దగ్గర ఇంకో తకరారు. అతను పదకొండు నెలల అగ్రిమెంటు అంటాడు, ఊళ్ళో అందరూ అలాగే రాసుకుంటారని. నాయన తొంభై తొమ్మిదేళ్ళు అంటాడు.

"మా నాయనకు తొంభై తొమ్మిది ఇచ్చి, నాకు పదకొండు నెలలా? నన్నేమన్నా పేయింగ్ గెస్టు అనుకున్నాడా?"

నీకు ఎనభై మూడు నాయనా, తొంభై తొమ్మిదేళ్ళు తీసుకుని ఏం చేస్తావన్నాను. లీజుకూ తన వయసుకూ సంబంధం లేదన్నాడు. లాయరమ్మాయి ఇద్దరితోనూ ఫోన్‌లో మాట్లాడి, చివరికి పదిహేనేళ్ళ దగ్గర తెచ్చి నిలిపింది. ఆమె ఇంకో ఉపాయం కూడా చెప్పింది. ఎవరూ ఎవరింటికీ పోనక్కర్లేదు. సంతకం రోజు ఎవరికి వారు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వస్తే చాలు. అక్కడ ఎదురుపడితే అది ఆఫీసు పని. ఎవరూ తగ్గినట్టు కాదు. ఈ మాట నాకెందుకు తట్టలేదో తెలీదు. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

పదిన్నరకు టైము ఇచ్చారు. పదింటికే అందరం అక్కడ ఉన్నాం. ఆయమ్మ పట్టుచీర కట్టుకుని, చేతిసంచీతో వచ్చింది. అతను లాప్‌టాప్ బ్యాగుతో వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూశారు, చూడనట్టే నిలబడ్డారు. పదకొండుకు సర్వర్ డౌన్ అన్నారు. ఎప్పుడొస్తుందంటే, వస్తే వస్తుందన్నారు. కూర్చోవడానికి ఒకే బల్ల ఖాళీగా ఉంది. ఒక చివర ఆమె, ఇంకో చివర అతను, మధ్యలో మా నాయన. నేనూ లాయరమ్మాయీ గోడకు ఆనుకుని నిలబడ్డాం.

పన్నెండయింది. ఒంటిగంటయింది. పెళ్ళి రిజిస్టరు చేయించుకోవడానికి వచ్చిన ఒక జంట అక్కడే నిలబడి పోట్లాడుకుని, మళ్ళీ రాజీపడ్డారు. నేను మూడుసార్లు కౌంటరు దగ్గరికి వెళ్ళి అడిగాను. మూడోసారి ఆ మనిషి తల కూడా ఎత్తలేదు. ఒక్క కప్పు వేసుకోవడానికి ఇంతమందిని ఒక్కచోట కూర్చోబెట్టాక, ఇప్పుడు కంప్యూటరుకు కూడా మనసు రావాలి. గట్టిగా అరవాలనిపించింది. అరిచే శక్తి లేదు.

రెండింటప్పుడు ఆయమ్మ ఉన్నట్టుండి నాయన మీదుగా అతనివైపు వంగింది.

"మీ నాయన మాదిరే కాళ్ళు ఆడిస్తాండావు. ఆపప్పా, బల్ల అదురుతాంది."

అతను కాళ్ళు ఆపేశాడు. నాయన ఎదురుగోడ మీద నోటీసు చదువుతున్నట్టు నటించాడు.

"తిన్నావా?" అంది.

"లేదు పెద్దమ్మా."

ఆమె సంచీలోంచి డబ్బా తీసింది. మూతలో చిత్రాన్నం పెట్టి, నాయన చేతికిచ్చింది. నాయన దాన్ని అతనికి అందించాడు. తర్వాత నాయనకూ పెట్టింది. మాకు చాలలేదు. వాళ్ళిద్దరూ ఎక్కువేమీ మాట్లాడుకోలేదు. జుట్టు గురించి ఒక మాట అంది, అతను తల నిమురుకుని నవ్వాడు. ఆ దీపావళి గురించి ఎవరూ ఎత్తలేదు. అయినా నాలుగింటికి సర్వర్ వచ్చేసరికి నాయన బల్ల చివరికి జరిగి కూర్చుని ఉన్నాడు, వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉన్నారు.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆధార్ కార్డులో ఆయమ్మ పేరు ముందు ఉన్న పొడి అక్షరం పత్రంలో లేదని తిప్పి పంపారు. ఒక్క అక్షరం. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. లాయరమ్మాయి సరిచేసిన పత్రం ఆమె ముందు పెట్టింది. ఆయమ్మ అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. వెనక జనం విసుక్కుంటున్నారు. వీలునామా ప్రస్తావన ఉన్న చోట, జీవితకాలం అనుభవించు హక్కు మాత్రమే కలవారు అన్న మాట దగ్గర ఆగిపోయింది. పెన్ను కింద పెట్టేసింది. అతను అది గమనించి, ఆ మాట తీసేసి ఓనర్ అని పెట్టండి, నాకు అబ్జెక్షన్ లేదన్నాడు. అలా పెట్టకూడదని లాయరమ్మాయి మెల్లగా చెప్పింది. పెడితే పత్రమే నిలవదు.

"నా పేరు యాడ ఉండాది?" అని అడిగింది ఆయమ్మ.

లీజు ఇచ్చేవాళ్ళలో మొదటిది ఆమె పేరే. రెండోది అతనిది. లాయరమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఆయమ్మ ఆ వరసను రెండుసార్లు చదువుకుంది. పెన్ను తీసుకుని, ప్రతి పేజీలో ఒకేలా, బడిపిల్లలా గుండ్రంగా సంతకం పెట్టింది. తర్వాత అతను. తర్వాత నాయన. నాయన కళ్ళు మూయడంతో ఫోటో రెండుసార్లు తీయాల్సి వచ్చింది.

ఖాతాకు ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ బాధ ఇక్కడ రాయను. వేసవిలో కప్పు వేయించాం. పదిహేనేళ్ళ లీజుకు కాంక్రీటు ఎందుకని ఇనుప వాసాల మీద రేకులు వేయించాను. నాయనకు అది నచ్చలేదు. రేకుల కింద ఉడికిపోతున్నానని ఇప్పటికీ రోజూ అంటాడు. పెంకుల కింద తడిసినప్పుడు ఎన్నడూ అనలేదు.

పని పూర్తయిన నెలకు ఆయమ్మ అంగడి చూస్తానని కబురు పంపింది. తమ్ముడి కొడుకే కార్లో తీసుకొచ్చి దింపి, పార్కింగు కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె ఆ స్థలంలో కాలు పెట్టడం అదే మొదటిసారట. వాళ్ళింటి కోడళ్ళు ఆ రోజుల్లో పేటకు వచ్చేవాళ్ళు కాదు. తాళ్ళ చుట్టల మధ్య నుంచి నడిచి, గోడలు చేత్తో తడిమి చూసి, ఇంత ఇరుకా అంది. తూర్పు వైపు గోడ దగ్గర చాలాసేపు నిలబడి, ఇది మా మామగారు ఇచ్చిన కొలత దాటి ముందుకొచ్చినట్టుందే అంది.

నాయన స్టూలు మీంచి లేచాడు. దాటలేదన్నాడు. దాటిందని ఆమె. మా నాయన తాడు పట్టి కొలిచి కట్టినాడు, ఒక్క అంగుళం కూడా తేడా లేదని నాయన. అయితే పత్రం తెమ్మని ఆమె. నాయన మొలతాడుకున్న తాళంచెవి కోసం తడుముకుంటున్నాడు. ఇప్పుడే కదా అందరూ సంతకాలు పెట్టింది అని చెప్పబోయాను. ఇద్దరూ నావైపు చూడలేదు.

బయట పందిరి వేసేవాళ్ళు ఇద్దరు అరవై అడుగుల కొబ్బరితాడు కోసం నిలబడి ఉన్నారు. లోపలి ఇద్దరినీ వదిలేసి నేను బయటికొచ్చి తాడు కొలవడం మొదలుపెట్టాను.